కోర్టమ్మ కోసం రాసిన మంచు

కొండ మీద 611వ రోజు

ఈ పొద్దు మంచు గడప దాకా వచ్చి అక్కడే పడుకుంది. తలుపు తీస్తే ముందు చల్లదనం వచ్చింది, వెలుతురు తరవాత వచ్చింది. మంచులోంచి నీళ్ళు పట్టే వలల్లో రెండింటికి చిరుగులు పడితే నైలాన్ దారంతో కుట్టాను. వేళ్ళు తిమ్మిరెక్కాయి. బానలు నిండాయి. టీ తాగి, తాడు కట్టిన బెలూను వదిలాను. పది బారలు లేచేసరికి అది కనిపించకుండా పోయింది. తాడు మాత్రం నా చేతిలో చిన్నగా లాగుతూనే ఉంది, పైన ఎవరో ఆడుకుంటున్నట్టు.

పుస్తకంలో "మూత" అని రాసి, అదే మాట సందేశ యంత్రంలో కొట్టాను. మంచైనా మబ్బైనా వానైనా మూతే. ఆకాశం నిర్మలంగా ఉంటే తెరిపి. నా ఉద్యోగమంతా ఈ రెండు మాటలే. పైన తిరిగే ఉపగ్రహాలు మా అమ్మమ్మ చిన్నప్పుడే రాలిపోయాయట. కొండ మీద కెమెరాలు పెడితే ఉప్పుగాలికి ఆరు నెలల్లో అద్దాలు తెల్లబడిపోయాయి. అప్పటినుంచి మమ్మల్ని ఏలే మండలివాళ్ళు మనిషి కళ్ళనే నమ్ముకున్నారు.

మూత ఉన్న రోజు మండలివాళ్ళు పంపే యంత్రపు తూనీగలు ఎగరవు. కింద నాచుపేటలో ఈ పూట పిల్లల్ని వీధిలోకి వదిలి ఉంటారు. అరుపులు మంచులో మెత్తబడి, నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు పైకి వినిపిస్తున్నాయి.

613వ రోజు

తెల్లారకముందే యంత్రం కటకటలాడింది. "నాలుగో గడి. ఆకాశం?"

మండలి పటంలో పేటంతా గళ్ళుగళ్ళుగా ఉంటుంది. నాలుగో గడి అంటే సముద్రపు నాచు పెంచే తెప్పలు. బయటికి వెళ్ళి చూశాను. కడిగి ఆరబెట్టినంత నీలం. "తెరిపి" అని కొట్టాను.

పొద్దెక్కాక తూనీగ వచ్చింది. నేను కొండ మీద ఉంటాను కనుక అది నాకు దిగువన ఎగురుతుంది. రెక్కల మీద ఎండ పడి వెండిలా మెరిసింది. నిజం రాయాలంటే, అందంగా ఉంది. తెప్పల మీద ఒకచోట ఆగింది. చిన్న తెల్లటి పొగ లేచి, గాలికి దూదిలా విడిపోయింది. తిరిగి వెళ్ళేటప్పుడు ఎప్పటిలాగే తెల్ల కాగితం ఒకటి జారవిడిచింది.

మధ్యాహ్నం అదే కాగితం నా యంత్రంలోనూ వచ్చింది. "గేదెల అప్పలకొండ. ముప్పు తొలగింది." ఏం ముప్పో రాయలేదు. ఎప్పుడూ రాయరు.

614వ రోజు

బియ్యం, దీపం నూనె తెచ్చుకోవడానికి కిందికి దిగాను. ఎండుచేపల పాకలో జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో చెక్క బల్ల, వెనక కోర్టమ్మ. ఆమె అసలు పేరు మాణిక్యాంబ. కోర్టులుండే రోజుల్లో బెంచి గుమస్తాగా చేసింది. మండలి కోర్టులు మూసేసి ఎనిమిదేళ్ళయినా పేటలో ఆ పేరు అలాగే ఉండిపోయింది. తూనీగ చంపినవాళ్ళకి ఆమె విచారణ జరుపుతోందని విన్నానుగాని కళ్ళారా చూడడం ఇదే.

ఆమె లేచి పాక గుమ్మంలోకి వచ్చి సముద్రం వైపు తిరిగి పిలిచింది.

"గేదెల అప్పలకొండా... గేదెల అప్పలకొండా... గేదెల అప్పలకొండా..."

ఎవరూ కదలలేదు. ఎండుచేపలు తాళ్ళ మీద గలగలమన్నాయి. ఆమె వెనక్కి వచ్చి "హాజరు కాలేదు" అని పలుకుతూ రాసుకుంది. తరవాత అదే గొంతుతో మండలివాళ్ళని మూడుసార్లు పిలిచింది. వాళ్ళూ రాలేదు. అదీ రాసుకుంది.

"ఇతని మీద ఉన్న ఆరోపణ ఏమిటో ఇక్కడ ఎవరికైనా తెలుసా?"

అప్పలకొండ భార్య పోలమ్మ లేచింది. చేతులకి ఇంకా నాచు పచ్చదనం ఉంది.

"నాకేటీ తెల్దమ్మా. మొన్న బియ్యం బండి రాకపోతే మండలి ఆఫీసుకాడికెల్లి ఎందుకు రానేదని అడిగినాడు. గొంతు పెద్దదే, ఒప్పుకుంటాను. మాటాడితే రేవు అవతలదాకా ఇనిపించీది. ఆడు తప్పు సేసుంటే అదేటో సెప్పండి, నానే నాలుగు తన్నుదును. తప్పేటో సెప్పకుండా సంపీసినారు. ఇపుడు నాను ఆడిమీద కోపం పడాలో, ఆల్లమీద పడాలో కూడా తెల్డం నేదు."

కోర్టమ్మ ఆ మాటలన్నీ ఒక్కటీ వదలకుండా రాసింది. రాయడం అయ్యాక తలెత్తి నన్ను చూసింది.

"కొండమీది అమ్మివి కదూ? ఆకాశం పుస్తకం నీ దగ్గరే ఉంటది. ఓసారి తేగలవా?"

"అది మండలి పుస్తకమండీ."

"రాసేది నువ్వే కదమ్మీ" అంది, కసురుకోకుండా.

నూనె డబ్బా అక్కడే మరిచిపోయి కొండెక్కాను.

617వ రోజు

మూడు రోజులుగా మంచు. పని లేదు. పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. తూనీగ పోయిన ప్రతి రోజూ ఆ ఉదయం ఒక గడి పేరు అడిగారు. ప్రతి గడికీ నేను తెరిపి అని రాశాను. పదకొండు గళ్ళు, పదకొండు మంది. చేతిరాత ఎంత చక్కగా ఉందంటే, ఒక్క చోటా కొట్టివేత లేదు.

నాకు ఇదంతా కొత్తగా తెలిసిందని రాస్తే అబద్ధమవుతుంది. తెలుసు. తెలియనట్టుండడం కూడా వలలు కుట్టుకోవడంలాగే రోజువారీ పని అయిపోయింది.

పుస్తకం చీరకొంగులో చుట్టుకుని మంచులోనే దిగాను. దారి కనపడలేదు, కాళ్ళే తీసుకెళ్ళాయి. పాకలో కోర్టమ్మ నా పేరడిగింది. "దాలమ్మ" అన్నాను. పదకొండు రోజుల ఆకాశాన్ని బిగ్గరగా చదివించింది. చదువుతుంటే నా గొంతు నాకే దూరంగా, పక్కగదిలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించింది.

అయిపోయాక పోలమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నాను.

"నువ్వు తెరిపని రాసినావు కాబట్టి ఆడు సచ్చిపోనాడా?"

"అవునమ్మా."

"మూతని రాసుంటే?"

"ఆ రోజుకి తూనీగ ఎగిరేది కాదు."

"అంతేనా?" అంది పోలమ్మ. "అంత సిన్నదా?"

వెళ్ళి తన చోట కూర్చుంది. నేను పుస్తకం మూసి మళ్ళీ కొంగులో చుట్టుకున్నాను.

620వ రోజు

"ఏడో గడి. ఆకాశం?"

ఏడో గడి అంటే ఎండుచేపల పాక, దాని వెనక ఒక గది. ఆ గదిలో ఒక్కతే మనిషి ఉంటుంది.

బయటికి వెళ్ళాను. ఇంత తెరిపి ఆకాశం ఈ ఏడాదిలో చూడలేదు. దూరంగా మునిగిపోయిన పాత ఊరి మిద్దెలు కూడా నీళ్ళలో లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి. లోపలికి వచ్చి రాశాను: "మూత. మంచు దట్టంగా ఉంది. నాలుగు బారల అవతల ఏమీ కనపడదు."

మీట నొక్కాను. మధ్యాహ్నం దాకా తూనీగ రాలేదు. పరుగున దిగి కోర్టమ్మకి చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం ముడుచుకుంది.

"తప్పుడు రాత రాసినావా? నా కోసం?"

"రాయకపోతే ఈపాటికి మీరు లేరండీ."

"నలభయ్యేళ్ళు రికార్డులో ఒక్క అక్షరం తప్పు రాయనేదు నేను" అని కాసేపు బల్ల మీది కాగితాలు సర్దింది. తరవాత నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి వేడిగా ఉంది. "ఎన్ని రోజులొస్తాయి?"

"తెలీదండీ. ఎవరో ఒకరు చూడడానికి వచ్చేదాకా."

"ఆరు కేసులు మిగిలిపోయినాయి. రోజుకొకటి సేస్తాను."

"తెప్పమీద అవతలి దీవికి వెళ్ళిపోండి కోర్టమ్మా. పోలమ్మ తీసుకెళ్తుంది."

"నాను పారిపోతే తప్పు సేసినాది కాబట్టి పారిపోనాదంటారు. నా పేరు ఆ మాటతో ముగియకూడదమ్మీ."

624వ రోజు

ఈ రోజూ మంచు రాశాను. ఐదో రోజు.

రాసీ రాసీ నాకే అలవాటైంది. నిన్నటి మంచు కంటే ఈ రోజు మంచు కొంచెం పలచన అని రాశాను, రోజూ ఒకేలా ఉంటే నమ్మరని. తూర్పు గాలికి వాలు మీదుగా ఎలా పారిందో, చింతచెట్ల తలలు ఎలా తేలాయో రాశాను. రాసి తలెత్తితే ఎండ. ఎండలోకి వెళ్తే, కాగితం మీది మంచు చల్లదనం భుజాలకి తగిలినట్టే ఉంది.

కింద జనానికి సంగతి తెలిసిపోయింది. ఎవరూ నోరెత్తి అనరు. కానీ పట్టపగలు నీలాకాశం కింద తెప్పల మీద ఆడవాళ్ళు పాడుకుంటూ నాచు కోస్తున్నారు. ముసలివాళ్ళు మంచాలు బయట వేసుకున్నారు. ఎవరి ఇంట్లోనో పెళ్ళి, సన్నాయి కూడా విన్నాను. పేట మొత్తం నేను రాసిన మంచులో తిరుగుతోంది.

కోర్టమ్మ నాలుగు కేసులు పూర్తిచేసింది. పాక దగ్గర ఆమె తెల్లచీర ఇక్కడినుంచి బియ్యపు గింజంత కనిపిస్తుంది. రోజూ పొద్దున్నే లేచి ముందు ఆ గింజ కోసం చూస్తున్నాను.

626వ రోజు

కొండదారిలో మనిషి ఎక్కుతూ కనిపించాడు. మండలి నీలం చొక్కా. నలభై ఏళ్ళుంటాయి. పైకి వచ్చి చాలాసేపు ఆయాసం తీర్చుకున్నాడు.

"నమస్కారమండీ. నా పేరు చక్రపాణి. ఆకాశం సరిచూడ్డానికి పంపారు."

టీ ఇచ్చాను. గ్లాసు రెండు చేతులా పట్టుకుని అంచు దాకా వెళ్ళి నిలబడ్డాడు.

"ఎంత బాగుందండీ! సముద్రం మొత్తం కనిపిస్తోంది. మా ఆఫీసుకి కిటికీల్లేవు. ఆకాశం చూసి నెలలైంది." నా వైపు తిరిగి, "మంచు ఎక్కడుందండీ దాలమ్మగారూ?" అన్నాడు.

"ఇక్కడే ఉంది."

"నా కళ్ళకి కనపడటం లేదండీ."

"కొత్తవాళ్ళకి అలాగే ఉంటుంది."

ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. యంత్రం దగ్గరికి వచ్చి ఆ రోజు ప్రశ్న చూశాడు. ఏడో గడి. పెన్ను తీసి నాకు అందించాడు.

"తెరిపి అని మీరే రాసేయండి. నా రిపోర్టులో చూపు మందగించిందని రాస్తాను. మీకేమీ కాదు. కళ్ళజోడు పంపిస్తారు."

"నేను రాయను."

"నా పని ఆకాశం చూడ్డం వరకేనండీ. గడిలో ఎవరున్నారో నాకు చెప్పరు."

"నేను చెప్తాను. ఆమె పేరు మాణిక్యాంబ. అరవై మూడేళ్ళు. కోర్టులుండగా..."

"వద్దు. దయచేసి చెప్పకండి." చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పటికే చెప్పేశాను. పేరు గదిలో పడిపోయింది, ఇక దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న నిబంధన చూపించాను. పరిశీలకుల మాట మార్చి రాసే అధికారి తన పేరు, హోదా రాసి సంతకం చెయ్యాలి. సంతకం అనేసరికి ఆగిపోతాడని ఆశపడ్డాను. ఆయన పేజీ వైపు చూస్తూ ఉండిపోయాడు. టీ మీద మీగడ కట్టింది. తరవాత కూర్చుని, నేను రాసిన "మూత" మీద గీత కొట్టి "తెరిపి" అని రాశాడు. కింద పూర్తి పేరు, హోదా, సంతకం. అక్షరాలు చీమల్లా చిన్నవిగా పడ్డాయి. కార్బన్ నకలు తను తీసుకుని, మీట నొక్కి, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

పచ్చగడ్డి తడిపి నిప్పు పెట్టాను. పొగ లేచింది. గాలి దాన్ని పేట మీదికి కాక సముద్రం మీదికి తీసుకుపోయింది. అప్పుడు పరిగెత్తాను. దారి గంట పడుతుంది. సగం దిగేసరికి పక్కనుంచి వెండిరంగు ఏదో జారిపోయింది. చప్పుడు కూడా లేదు. పాక మీదినుంచి కొంగలు మాత్రం ఒక్కసారిగా లేచాయి.

నేను చేరేసరికి జనం నిలబడి ఉన్నారు. ఆరో కేసు కాగితాలు గాలికి కొట్టుకుపోతుంటే పోలమ్మ ఒక్కొక్కటే ఏరుతోంది. తెల్ల కాగితం ఎవరూ ముట్టుకోలేదు.

631వ రోజు

వానలు పట్టాయి. నిజమైన మూత. తూనీగలు లేవు. నాకు రాయాల్సిన అబద్ధమూ లేదు.

సామాను మోసుకొచ్చే గాడిదతో ఒక పొట్లం వచ్చింది. కళ్ళజోడు. పెట్టుకుని చూస్తే వాన చుక్కలు విడివిడిగా కనిపించాయి. తీసి అల్మరాలో పెట్టాను.

కోర్టమ్మ పోయాక విచారణ ఎవరు చెయ్యాలని పేటలో అడిగితే అందరూ నన్నే చూశారు. రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆమె కేసు నా చేతుల్లోకి వచ్చింది. పన్నెండో కేసు. మిగతా పదకొండింటికీ దీనికీ ఒక తేడా ఉంది. ఇందులో ఒక మనిషి తన పేరు రాసిపెట్టాడు.

యంత్రంలో ఆకాశం బదులు ఈ మాటలు కొట్టాను: "చక్రపాణిగారికి. మాణిక్యాంబ మరణం మీద విచారణ. నాచుపేట, ఎండుచేపల పాక. మీరు హాజరై మీ మాట చెప్పుకోగలరు."

జవాబు లేదు.

638వ రోజు

రెండోసారి పంపాను. వాన. బెలూను తాడు రోజంతా తడిసి బరువెక్కింది. పడుకుంటే కలలో యంత్రం కటకటలాడుతోంది. లేచి చూస్తే రేకుల మీద చినుకులు.

644వ రోజు

మూడోసారి పంపాను. ఈసారి గంట తరవాత కాగితం కదిలింది. గడి పేరు లేదు, ఆకాశం ప్రశ్న లేదు.

"ఏ రోజు?"

అంతే ఉంది. వచ్చే మంగళవారం పగలు పది గంటలకి అని కొట్టాను. నన్ను పట్టుకెళ్ళడానికి వస్తారో, తూనీగనే పంపుతారో. ఎవరికీ చెప్పకుండా ఉండలేక పోలమ్మకి చెప్పాను.

"రానీ" అంది. నాచు కోసే కత్తి నూరుకుంటూ ఉంది. ఆ కత్తి వైపు చూడకుండా వచ్చేశాను.

650వ రోజు

నిన్న విచారణ జరిగింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

వాన ధారగా కురుస్తోంది. పాక నిండిపోయి జనం చూరు కింద కూడా నిలబడ్డారు. బల్ల వెనక నేను కూర్చున్నాను. సరిగ్గా పదికి గుమ్మంలోకి వెళ్ళి మాణిక్యాంబ పేరు మూడుసార్లు పిలిచాను. వాన గొంతుని మింగేసింది. తరవాత ఆయన పేరు పిలిచాను.

రెండోసారి పిలిచేసరికి రేవు మలుపులో మనిషి కనిపించాడు. ఒక్కడే. నీలం చొక్కా లేదు. గొడుగు కూడా లేదు. వానలో కరిగిపోతూ, మళ్ళీ తయారవుతూ నడిచి వస్తున్నట్టున్నాడు. గుమ్మంలో ఆగి చెప్పులు విప్పాడు.

"చక్రపాణినండీ. హాజరయ్యాను."

జనం ఒక్కసారిగా లేచారు. తెడ్డు ఒకటి పైకి లేచింది. ఎవరో "ఈడేనా?" అన్నారు. ఇంకెవరో "ఇక్కడే ఏసీండి ఆడ్ని!" అని అరిచారు. ఆయన పారిపోలేదు. తలమీదినుంచి నీళ్ళు కారుతుంటే అలాగే నిలబడ్డాడు. నేను లేచాను.

"ఆగండి" అన్నాను. "ఏం చెయ్యాలన్నా తరవాత. ఈయన మీద ఉన్న ఆరోపణ ముందు చదువుతాను. ఈయన మాట వినాలి. ఆ తరవాతే ఏదైనా."

"మనోల్లకి ఎవులు సదివినారు? మనోల్ల మాట ఎవులిన్నారు?" వెనకనుంచి ఆడగొంతు ఏడుస్తూ అడిగింది.

పుస్తకం తెరిచి ఆ పేజీ ఆయన ముందు పెట్టాను.

"ఈ రాత మీదేనా?"

"నాదేనండీ. సంతకం కూడా నాదే." పేజీ మీద వేలు పెట్టాడు. "మీరు పేరు చెప్పాక చేశాను. తెలిసే చేశాను. ఇంతకు ముందు ఎన్ని కొండలెక్కానో, ఎన్ని ఆకాశాలు చూశానో... వాటిలో పేర్లు నాకు తెలియవు. నేను వచ్చినట్టు అక్కడ తెలిస్తే, నా గడి ఏదో వాళ్ళే వెతుక్కుంటారు. అయినా వచ్చాను. ఎందుకంటే నన్ను ఎవరూ, ఇప్పటిదాకా, పేరు పెట్టి నీ మాటేమిటని..."

మాట తెగిపోయింది. బల్ల అంచు పట్టుకున్నాడు. తెడ్డు ఇంకా పైనే ఉంది.

అప్పుడు ముందు బెంచీ మీద కూర్చున్న పోలమ్మ కదిలింది. ఆమె పక్కనున్న మనిషిని మోచేత్తో జరగమంది. తనూ జరిగింది. బెంచీ మీద ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీ అయింది. తడి అరచేత్తో ఆ చోటు తుడిచింది.

"కూకోండి బావూ" అంది. "మీరు సెప్పేది అంతా అయ్యేదాకా ఇంటాం."

ఆయన కూర్చున్నాడు. తెడ్డు నెమ్మదిగా కిందికి దిగింది. ఆయన, తను మొదటిసారి ఎక్కిన కొండ పేరుతో మొదలుపెట్టాడు. నేను రాసుకున్నాను.